మా అమ్మాయిని బసూన్ పోటీలకు యూరప్ పంపొచ్చా?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఉంటాం. మా అమ్మాయి పదకొండో తరగతి. మిడిల్ స్కూల్ బ్యాండ్‌లో బసూన్ చేతికిచ్చారు, అప్పటి నుంచి వదల్లేదు. ఇప్పుడు వాళ్ళ టీచర్ యూరప్‌లో పోటీలకు ప్రయత్నించమంటున్నారు. ఆ జీవితం ఎలా ఉంటుంది? ఖర్చెంత, దాంట్లో బతుకుతెరువు ఉందా, ఒంటరిగా పంపొచ్చా? ఆ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు:

కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. నేను జర్మనీలో ఉంటాను, బసూన్ వాయించడమే వృత్తి. పోటీలకు తిరిగే వయసు దాటిపోయింది. ఇప్పుడు ఆర్కెస్ట్రాలవాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళి వాయిస్తాను, పిల్లలకు నేర్పుతాను, వాళ్ళని పోటీలకు తయారు చేసి కొన్నిసార్లు వెంట కూడా వెళ్తాను. మీరు అడిగినవన్నీ అడగాల్సినవే కానీ వాటికన్నా ముందు నేను మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ అమ్మాయి రీడ్లు తనే చేసుకుంటుందా, కొనుక్కుంటుందా?

బసూన్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఆర్కెస్ట్రా మధ్యలో అందరి తలల మీదుగా ఒక చెక్క గొట్టం పైకి లేచి కనిపిస్తుంది కదా, అది. మేపుల్ చెక్క. సాగదీస్తే రెండున్నర మీటర్ల గొట్టం, కింద మడత తిరిగి పైకి వస్తుంది కాబట్టి మనిషి పట్టుకోగలుగుతున్నాడు. ఇంత గొట్టాన్నీ పలికించేది మాత్రం వేలెడంత రీడు. మన సన్నాయికి ఉన్నట్టే రెండు పొరలు ఒకదానికొకటి ఎదురుగా ఉండి, ఊదితే అదిరే రీడు.

ఈ రీడుని చూడ్డానికి వెదురులా ఉండే ఒక రెల్లుతో చేస్తారు, పేరున్న సరుకు దక్షిణ ఫ్రాన్స్‌లోని వార్ ప్రాంతం నుంచి వస్తుంది. దాన్ని చీల్చి, లోపల తొలిచి, పైన చెక్కి, ఆకారానికి కత్తిరించి, సగానికి మడిచి, మూడు చోట్ల సన్నటి ఇత్తడి తీగ బిగించి, కింద దారం చుట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత కొస కోసి అసలు గీకుడు మొదలుపెడతాం. ఇంతా చేశాక పదిలో రెండు మూడు స్టేజి మీదికి పనికొస్తే సంతోషం. చేత్తో చేసినది కొనాలంటే ఒక్కోటి పాతిక ముప్పై డాలర్లు ఉంటుంది, గట్టిగా సాధన చేస్తే కొద్ది వారాలకే చచ్చిపోతుంది.

అమెరికాలో స్కూల్ పిల్లలు చాలామంది టీచర్ చేసిచ్చిన రీడ్ల మీద గడిపేస్తారు. ఇంటిదగ్గర దానికి ఇబ్బందేం లేదు, ఏదైనా తేడా వస్తే మంగళవారం క్లాసులో ఆయనే సరిచేసి ఇస్తాడు. ఊరు మారితేనే వస్తుంది గొడవ. హ్యూస్టన్ తేమలో హాయిగా పలికిన రీడు చలికాలం హీటర్లు పెట్టిన జర్మన్ హాల్లో ఎండుటాకులా బిగుసుకుపోతుంది. డెన్వర్‌కో, 2,240 మీటర్ల ఎత్తున ఉన్న మెక్సికో సిటీకో వెళ్తే అదే రీడు మొరాయిస్తుంది, ఇంకాస్త పల్చగా గీకితే గానీ మాట వినదు. అందుకే మాలో చాలామంది పోటీకి రెండు మూడు రోజుల ముందే చేరుకుంటాం. జెట్‌లాగ్ కోసం అని ఇంట్లోవాళ్ళకి చెప్తాం గానీ నిజానికి రీడ్ల కోసం.

ఒక ఉదాహరణ చెప్తాను. నా దగ్గర నేర్చుకున్న ఒకమ్మాయి రెండో రౌండ్‌కి ముందు రాత్రి హోటల్ బాత్రూమ్‌లో కూర్చుంది, గదిలో వెలుతురు చాలక. అనుకున్న రీడు మీద ఇ (E) స్వరం కిందికి జారిపోతోంది, పెదవితో పట్టి లేపాల్సి వస్తోంది. అలా లేపుతూ ఇరవై నిమిషాలు వాయిస్తే పెదవి పని అయిపోతుంది. రీడు తీసి విడిగా ఊది విన్నది, గరగరమని మోటుగా పలికింది. కొస వెంట్రుకవాసి కోసింది. ఇ స్వరం నిలబడింది కానీ ఇప్పుడు మెల్లగా ఊదితే పలకట్లేదు. లోపలికి నాలుకలాంటి చిన్న రేకు దూర్చి, కొస రెండు మూలలూ కత్తితో నాలుగైదు సార్లు నిమిరినట్టు గీకింది. మళ్ళీ ఊదింది. ప్లయర్‌తో మొదటి తీగని కాస్త నొక్కింది, ఇంకోసారి ఊదింది. అయింది. పక్కగదివాళ్ళు గోడ కొట్టారనుకోండి, అది వేరే సంగతి. ఈ పని ఆ అమ్మాయికి రాకపోతే మర్నాడు స్టేజి మీద ఆమె వేళ్ళు ఎంత బాగా పరిగెత్తినా ఉపయోగం ఉండేది కాదు, పెదవి మధ్యలోనే వదిలేసేది.

కాబట్టి మీ అమ్మాయికి ఇంకా చెయ్యడం రాకపోతే పోటీని ఏడాది వెనక్కి జరపండి, ఆ ఏడాది రీడ్లు నేర్పించండి. కనీసం వేరేవాళ్ళు చేసిన రీడుని సరిచేసుకోవడమైనా రావాలి. ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను, చాలామంది టీచర్లు ఇంత గట్టిగా చెప్పరు.

ఇక ప్రయాణం. బసూన్‌ని లగేజీలో వెయ్యకండి, ఎవరు ఎంత నచ్చజెప్పినా సరే. విడగొట్టి పెట్టెలో సర్దితే చేతి సామానంత అవుతుంది, వీపున తగిలించుకునే కేసు కొనండి. అమెరికా నుంచి బయల్దేరే అమెరికన్ విమానాలకైతే 2015 నుంచి నియమం ఉంది: ఎక్కే సమయానికి పైన జాగా ఉండి, వాద్యం సురక్షితంగా పట్టేట్టుంటే చేతి సామానుగా ఒప్పుకోవాలి. అందువల్ల ముందు వరసలో ఎక్కడం ముఖ్యం, అవసరమైతే దానికి డబ్బు కట్టండి. యూరప్‌లో చవక విమానాల దగ్గర ఒక్కోచోట ఒక్కో కొలత. ఒకసారి గేటు దగ్గర ఒకావిడ కేసుని ఇనుప చట్రంలో పెట్టి చూపించమంది, రెండు అంగుళాలు ఎక్కువైంది, కిందికి పంపాల్సిందేనంది. పక్కకి తప్పుకుని అందరూ ఎక్కేదాకా నిలబడ్డాను, చివర్లో వేరే ఉద్యోగి వచ్చి చూసీచూడనట్టు వదిలేశాడు. ప్రతిసారీ అలా వదలరు. వెళ్ళే విమానం కొలతలు ముందే చూసుకుని, టికెట్ కొనేటప్పుడే వాద్యం గురించి వాళ్ళతో రాతపూర్వకంగా మాట్లాడి ఆ మెయిల్ ప్రింటు దగ్గర పెట్టుకోవడం మంచిది.

కత్తి మాత్రం లగేజీలోనే పోవాలి, సెక్యూరిటీలో ఒప్పుకోరు. కొసతేలిన పనిముట్లన్నీ అంతే. రీడ్లు మాత్రం వాద్యంతోపాటే చేతిలో ఉండాలి, వాటితోపాటు రెండు ముక్కలు ఉప్పుకాగితం. లగేజీ ఒకరోజు ఆలస్యంగా వచ్చినా దాంతో నెట్టుకురావచ్చు. కూర్చునే బెల్టు కూడా చేతి సామానులోనే పెట్టండి. బసూన్ బరువు ఆపేది కుర్చీ మీద పరుచుకుని కూర్చునే ఆ తోలు పట్టీయే, అందరూ మర్చిపోయేదీ అదే. ప్యాంటు బెల్టు తీసి కొక్కేనికి తగిలించి పోటీల్లో వాయించినవాళ్ళని చూశాను, పర్వాలేదు, నడిచింది.

చలికాలం యూరప్ వస్తే ఇంకో చిన్న సంగతి. గొట్టాలు ఒకదాంట్లో ఒకటి దూరే చోట దారం చుట్టి ఉంటుంది. పొడిగాలికి చెక్క కుంచించుకుపోయి అక్కడ వదులవుతుంది, వాయిస్తుంటే ఊగుతుంది. కాస్త దారం, మైనం సంచిలో ఉంటే నాలుగు చుట్లు చుట్టి సరిచేసుకోవచ్చు. ఊపిరి తడి అంతా కింది మడతలోకి దిగుతుంది, వాయించగానే గుడ్డతో లాగి తుడవకపోతే అక్కడ చెక్క కుళ్ళుతుంది. తీపి తిని, కూల్‌డ్రింక్ తాగి నోరు కడుక్కోకుండా వాయిస్తే మీటల కింద ప్యాడ్లు అతుక్కుంటాయి. (ఆవకాయ తిని ఊదితే రీడుకి ఏమవుతుందో మీ అమ్మాయి ఈపాటికి కనిపెట్టే ఉంటుంది.)

ఆ వాద్యం ఎవరిది అన్నది మీరు రాయలేదు. టెక్సాస్ స్కూళ్ళలో మామూలుగా స్కూలే ఇస్తుంది. అదైతే దేశం దాటించాలంటే లిఖితపూర్వకంగా అనుమతి కావాలి, చాలా స్కూల్ డిస్ట్రిక్టులు ఒప్పుకోవు. సొంతది కొనాలంటే మాత్రం ఊపిరి బిగబట్టి వినండి: ఇండియానాలోని ఫాక్స్ కంపెనీ చేసే వృత్తి స్థాయి బసూన్ ముప్పై వేల డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. జర్మనీలోని హెకెల్ 1831 నుంచి చేస్తున్న కంపెనీ, దాని కొత్త వాద్యం అంతకన్నా చాలా ఎక్కువ, పైగా డబ్బు పట్టుకెళ్ళినా ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి. అందుకే మంచి పాతవి వెతుక్కుంటాం. పాత హెకెల్ తీసుకుంటే పైన చివర తెల్ల రింగు ఏనుగు దంతమా, ప్లాస్టిక్కా అని ముందు చూడండి. దంతమైతే ధ్రువపత్రాలు లేకుండా సరిహద్దు దాటడం మహా తలనొప్పి, కస్టమ్స్‌వాళ్ళు పట్టుకుంటే వాద్యమే పోవచ్చు. ఆ రింగు తీయించి వేరేది వేయించుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు, ధ్వనిలో చెప్పుకోదగ్గ తేడా నాకు వినపడలేదు. బీమా తప్పదు. పాలసీలో చిన్న అక్షరాలు చదవండి, కారులో వదిలి వెళ్ళినప్పుడు పోతే చాలా కంపెనీలు ఇవ్వవు. టెక్సాస్ ఎండలో కారులో వదలడం అనే ఆలోచనే వద్దనుకోండి.

పోటీల సంగతి. అన్నిటికన్నా పెద్ద పేరు మ్యూనిక్‌లో జర్మన్ రేడియో సంస్థలు కలిసి నడిపే ఏఆర్‌డీ పోటీ, 1952 నుంచి ఉంది. అయితే అందులో ప్రతి ఏడాదీ బసూన్ ఉండదు, వాద్యాలు మారుతుంటాయి. 2013లో ఉంది, మళ్ళీ 2019లో వచ్చింది. అంటే ఒకసారి తప్పితే తర్వాతి అవకాశానికి వయసు దాటిపోవచ్చు, సాధారణంగా పోటీల్లో పైపరిమితి ముప్పై ఏళ్ళ దగ్గర్లో ఉంటుంది. అక్కడ మొదటి బహుమతి 10,000 యూరోలు, కానీ ఎవరూ ఆ స్థాయిలో లేరనిపిస్తే జడ్జీలు మొదటి బహుమతి ఇవ్వకుండా ఆపేస్తారు కూడా. సెమీఫైనల్లో చిన్న ఆర్కెస్ట్రాతో, కండక్టర్ లేకుండా వాయించాలి. అది అసలు పరీక్ష. చేతులు ఖాళీగా ఉండవు, నోరు ఖాళీగా ఉండదు, కళ్ళతోనూ భుజాలతోనూ ఊపిరితోనూ వాళ్ళందర్నీ నడపాలి. పదిహేడేళ్ళ పిల్లకి ఇప్పుడే అది వద్దు, అక్కడికి వచ్చేవాళ్ళలో కొందరు అప్పటికే ఆర్కెస్ట్రాల్లో ఉద్యోగాలు చేస్తుంటారు.

ఎక్కడికి వెళ్ళినా మొజార్ట్ రాసిన బసూన్ కన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒకరు సోలో వాయించే రచన), ఆయన రచనల జాబితాలో కె.191, తప్పదు. ఆయన 1774లో, పద్దెనిమిదేళ్ళప్పుడు రాసినది. వేళ్ళపరంగా చూస్తే అంత కష్టం కాదు, అందుకే అందరూ అదే అడుగుతారు, దాక్కోడానికి చోటుండదు. మొదటి రెండు భాగాల్లో ఆర్కెస్ట్రా ఆగిపోయి వాయించేవాళ్ళని ఒంటరిగా వదిలేసే చోట్లున్నాయి, అక్కడ ఏం వాయిస్తారో దాన్నిబట్టి జడ్జీలకి పిల్ల సంగతి తెలిసిపోతుంది. యూట్యూబ్‌లో విన్నది దించెయ్యకుండా తనే రాసుకోమనండి, చిన్నదైనా ఫర్వాలేదు. ఇంకో ఆధునిక రచన, పియానోతో ఒక సొనాటా ఉంటాయి. పియానో వాయించేవాళ్ళని పోటీవాళ్ళే ఇస్తారు, కానీ వాళ్ళతో రిహార్సల్ అరగంటకి మించి దొరకడం కష్టం. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో పియానో కాగితాల మీద పెన్సిల్‌తో ముందే గుర్తులు పెట్టి ఇస్తే ఆ అరగంట వృథా కాదు.

శ్రుతి గురించి ఒక మాట. అమెరికాలో పియానో మీద శ్రుతి సరిచూసుకునే ఏ (A) స్వరాన్ని సెకనుకి 440 కంపనాలకి పెడతారు, జర్మనీలో 442, 443 మామూలు. పుట్టినప్పట్నుంచీ 440లో వాయించిన పిల్లకి ఇక్కడ తను కింద పలుకుతున్నట్టు తెలుస్తుంది, పెదవి బిగిస్తుంది, అలిసిపోతుంది. రీడుకీ వాద్యానికీ మధ్య వంకర లోహపు గొట్టం ఉంటుంది, బోకల్ అంటాం, దాన్ని వేర్వేరు పొడవుల్లో చేస్తారు. పొట్టిది ఒకటి కొని ఇంటి దగ్గరే నెల రోజులు ట్యూనర్ 442కి పెట్టుకుని అలవాటు చేసుకోమనండి.

మొదటి రౌండ్ ఇప్పుడు చాలాచోట్ల వీడియోలోనే. అందులో ఎంపికైతేనే విమానం. అక్కడికి వెళ్ళాక రోజులు ఎలా ఉంటాయంటే, పొద్దున వాళ్ళిచ్చిన గదిలో కేటాయించిన గంటలు సాధన, మిగతా సమయం ఎదురుచూపు. హోటల్లో వాయించనివ్వరు. సాయంత్రం గోడమీదో వెబ్‌సైట్‌లోనో పేర్లు పెడతారు, ఎక్కువమంది పేర్లు ఉండవు, లెక్కే అంత. మొదటి రౌండ్‌లో వెనక్కి వస్తే తిరుగు టికెట్ ఇంకా వారానికి ఉంటుంది, అప్పుడు పిల్లలు గదిలో తలుపేసుకుని పడుకుంటారు. అలా వద్దని నేను నా విద్యార్థులకు ముందే చెప్తాను. మిగతా రౌండ్లు కూర్చుని వినాలి. ఒకే మొజార్ట్‌ని ఇరవై మంది ఇరవై రకాలుగా వాయించడం మళ్ళీ ఎక్కడా దొరకదు. జడ్జీలు ఓడినవాళ్ళతో మాట్లాడే సమయం కూడా కొన్ని పోటీల్లో పెడతారు, సిగ్గుపడకుండా నోట్‌బుక్ పట్టుకెళ్ళి అడగాలి. బసూన్ లోకం చాలా చిన్నది, ఆ జడ్జీల్లో ఒకరే రేపు కాలేజీ ప్రవేశ పరీక్షలో ఎదురుగా కూర్చోవచ్చు.

డబ్బు విషయం దాపరికం లేకుండా చెప్తాను. బసూన్ సోలో వాయిస్తూ ఊళ్ళు తిరిగి బతికేవాళ్ళు ప్రపంచం మొత్తం మీద చాలా కొద్దిమంది, వాళ్ళలోనూ దాదాపు అందరికీ ఆర్కెస్ట్రాలోనో కాలేజీలోనో ఉద్యోగం ఉంటుంది. పాతకాలపు ఇటాలియన్ స్వరకర్త వివాల్డి బసూన్ కోసం 39 కన్చెర్టోలు రాసిపెట్టాడు, వయొలిన్ తర్వాత ఆయన ఇంకే వాద్యానికీ అన్ని రాయలేదు. అయినా టికెట్లు అమ్ముకునే నిర్వాహకుడు వయొలిన్‌నో పియానోనో పిలుస్తాడు. బతుకుతెరువు ఆర్కెస్ట్రాలో ఉంది. జర్మనీలో ప్రభుత్వ నిధులతో నడిచేవి సుమారు 130 ఉన్నాయి, ఇంకే దేశంలోనూ అన్ని లేవు. ఆ ఉద్యోగాల పరీక్షలో మొదటి రౌండ్ తరచూ తెర వెనక నుంచే, మళ్ళీ అదే మొజార్ట్‌తో. ఆ తర్వాత ఆర్కెస్ట్రా రచనల్లోంచి ముక్కలు అడుగుతారు, రావెల్ రాసిన బొలేరోలో పైస్థాయిలో వచ్చే సోలో లాంటివి. నెగ్గినా ఏడాది దాకా ప్రొబేషన్, ఆ తర్వాత సహోద్యోగులే ఓటేసి ఉంచాలో పంపాలో తేలుస్తారు. పోటీలో బహుమతి ఉంటే ఈ పరీక్షకి పిలుపు రావడం తేలికవుతుంది, లోపలికి వెళ్ళాక అది ఎవరికీ పట్టదు. ఆడపిల్లని ఈ రంగంలోకి పంపొచ్చా అని మీరు అడగలేదు గానీ ఆ అనుమానం ఉంటే: 1997 దాకా ఆడవాళ్ళని సభ్యులుగా తీసుకోని వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ఇప్పుడు ప్రధాన బసూన్ స్థానంలో ఉన్నవారిలో ఒకరు సోఫీ దెర్వో అనే ఫ్రెంచ్ మహిళ.

చదువు కోసమైతే యూరప్ గురించి గట్టిగానే ఆలోచించండి. జర్మన్ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో ఫీజు చాలాచోట్ల నామమాత్రం. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. అయినా అమెరికన్ కాలేజీ ఫీజుల పక్కన పెడితే అదెంత! జర్మన్ భాష నేర్చుకోవాలి, అది తప్పించుకోలేరు.

ఒంటరిగా పంపడం గురించి: పద్దెనిమిది నిండకపోతే మీలో ఒకరు వెళ్ళండి. నిండాక భయం లేదు, చాలా పోటీలవాళ్ళు స్థానిక కుటుంబాల ఇళ్ళలో బస ఏర్పాటు చేస్తారు, హోటల్ కన్నా అదే మేలు, సాధన చేసుకోనిస్తారు, ఇంత అన్నం దొరక్కపోయినా వేడి సూప్ దొరుకుతుంది. బసూన్ వాయించేవాళ్ళు పోటీలో ఉన్నా ఒకరికొకరు పనిముట్లు ఇచ్చుకుంటారు, వయొలిన్‌వాళ్ళ దగ్గర నాకు అది అంతగా కనపడలేదు.

నేనైతే ఈ ఏడాది పోటీకి కాకుండా యూరప్‌లో ఒక వేసవి మాస్టర్‌క్లాస్‌కి పంపుతాను, వారం పది రోజులది. అమెరికాలోనే ఉంటూ చేయగలిగినవీ ఉన్నాయి. 1971లో మొదలైన ఇంటర్నేషనల్ డబుల్ రీడ్ సొసైటీ (రెండు పొరల రీడు వాద్యాలవాళ్ళ సంఘం) వాళ్ళు ఏటా సమావేశం పెడతారు, దాంతోపాటు పోటీలు కూడా ఉంటాయి. అమెరికా ఖండాల యువ మహిళా బసూనిస్టుల కోసం మెగ్ క్విగ్లీ పోటీ ప్రత్యేకంగా ఉంది, మీ అమ్మాయికి మొదట అది సరిపోతుందనిపిస్తోంది.

చివరగా, మీరు హెచ్1బీ మీద ఉండి అమ్మాయి హెచ్4లో ఉంటే టికెట్ కొనకముందు వీసా చూడండి. ఇండియన్ పాస్‌పోర్టుకి షెంగెన్ వీసా కావాలి, అపాయింట్‌మెంట్లు పోటీ తేదీల కోసం ఆగవు. అంతకన్నా పెద్ద చిక్కు తిరుగు ప్రయాణం. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు తీరిపోయి ఉంటే, అమెరికాలో ఉండడానికి కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా, యూరప్ నుంచి తిరిగి విమానం ఎక్కనివ్వరు, స్టాంపింగ్ అయ్యేదాకా స్కూలూ లేదు, బ్యాండూ లేదు. అమెరికా పాస్‌పోర్టు అయితే ఈ బాధ లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా వీసా లేకుండా తిరగొచ్చు. పాస్‌పోర్టు ఏదో, వాద్యం స్కూల్‌దో మీదో కింద రాయండి, దాన్నిబట్టి ఏ మాస్టర్‌క్లాస్‌కి ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో చెప్తాను.